ఫైబ్రాయిడ్ అని చెప్పుకున్నాం

మా ఇంటి ఆడవాళ్ళకి క్యాన్సర్ రాదు. అమ్మకి అల్సర్. మా చెల్లి లలితకి ఫైబ్రాయిడ్స్, గర్భసంచిలో వచ్చే మామూలు గడ్డలు. నాకూ ఫైబ్రాయిడ్సే. మా బంధువుల్లో ఎవరినైనా అడిగి చూడండి, తడుముకోకుండా ఇదే చెబుతారు. మొన్న ఏప్రిల్‌లో నేనూ అదే చెప్పాను, అదీ క్యాన్సర్ ఆస్పత్రి కుర్చీలో కూర్చుని.

ఇప్పుడు ఆరు కీమోలూ అయిపోయాయి. జుట్టు అరంగుళం మొలిచింది. ఫ్రీమాంట్‌లో మా ఇంటి ముందుగదిలో కూర్చుని ఇది రాస్తున్నాను. తెలిసినవాళ్ళు కొందరు నన్ను ‘ఫైటర్’ అంటున్నారు, వింటే ఒళ్ళు మండుతుంది. నేనేం పోరాడాను? మత్తిచ్చి పడుకోబెట్టారు, కోశారు, తీసేశారు, మందు ఎక్కించారు. నా అంతట నేను చేసింది అబద్ధాలు చెప్పడం ఒక్కటే. అది మాత్రం మహా శ్రద్ధగా చేశాను. ఓదార్పు కోసం చదివేవాళ్ళకి ఇందులో పెద్దగా ఏమీ దొరకదు. ఇంట్లో ఎవరికో ‘గర్భసంచి తీసేశారట’ అని విని ఊరుకున్నవాళ్ళు మాత్రం చివరిదాకా చదవండి.

జనవరి

నాకు నలభై ఏడేళ్ళు. నెలసరి ఆగిపోయి ఏడాదిన్నర దాటింది. జనవరిలో ఒకరోజు మళ్ళీ మరకలు కనిపించాయి. వారం ఆగి మళ్ళీ. శాంటా క్లారాలో ఒక కంపెనీలో నేను టెస్టింగ్ టీమ్‌కి లీడ్‌ని. ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకోవడమే నా పని. చిన్న తేడా కనిపించినా రిలీజ్ ఆపించేస్తాననీ, నేనంటే అందరికీ హడలనీ గొప్పలు చెప్పుకునేదాన్ని. అంత గొప్పదాన్ని, నా ఒంట్లోంచి రక్తం వస్తుంటే ‘రిలీజ్ అయ్యాక చూద్దాంలే’ అనుకున్నాను. స్ట్రెస్ అనుకున్నాను, వేడి చేసిందనుకున్నాను. పదివారాలు మజ్జిగ తాగాను.

మార్చి

చివరికి డాక్టర్ దగ్గరికి వెళితే, ముందు ట్యాబ్లెట్ చేతికిచ్చి ప్రశ్నలు నింపమన్నారు. మీ అమ్మకి, అక్కచెల్లెళ్ళకి గర్భాశయం, అండాశయం, పేగుల క్యాన్సర్ ఉందా? లేదు, లేదు, లేదు. పది సెకన్లు కూడా పట్టలేదు. ఆఫీసులో ఎవరైనా అలా చూడకుండా టిక్కులు కొడితే నిలబెట్టి కడిగేసేదాన్ని.

బయాప్సీ రిపోర్ట్ డాక్టర్ కంటే ముందు నా ఫోన్‌కే వచ్చింది. అప్పుడు కూరగాయల కొట్టు పార్కింగ్‌లో ఉన్నాను. కార్లోనే చదివాను. గర్భాశయ క్యాన్సర్. అర్థం కాలేదని సరిపెట్టుకోవడానికి కూడా వీల్లేదు, అంత స్పష్టంగా ఉంది. తర్వాత ఏం చేశానో తెలుసా? లోపలికి వెళ్ళి బెండకాయలు ఏరాను. ఒక్కొక్కటీ చివర విరిచి, లేతదా ముదురుదా చూసి మరీ ఏరాను.

ఇంటికొచ్చి మా ఆయన సుధాకర్‌కి ఫోన్ ఇచ్చాను. చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. నన్ను దగ్గరికి తీసుకున్నాడు, కాదనను. కానీ నోరు తెరిచి అన్న మొదటి మాట, “ఎవరికీ చెప్పకు.”

“నిత్యకి?”

నిత్య మా ఒక్కతే కూతురు. ఇరవై ఒకటి, శాన్‌డియాగోలో చదువుతోంది.

“దానికసలే వద్దు. మిడ్‌టర్మ్స్ కదా. అదీగాక రేపు సంబంధాలు చూసేటప్పుడు తల్లికి క్యాన్సర్ అని తెలిస్తే ఎవరు ముందుకొస్తారు? హెరిడిటరీ అంటారు.”

ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగిన నిత్య తన పెళ్ళి సంగతి మమ్మల్ని అడిగి చేసుకుంటుందని ఈయనకి ఇంకా నమ్మకం. హెరిడిటరీ అన్న మాట తన నోటితోనే అన్నాడు, గమనించండి. అది పిల్లకి ఏం చేస్తుందో అని భయపడలేదు. పెళ్ళివారు ఏమనుకుంటారో అని భయపడ్డాడు.

“ఫైబ్రాయిడ్స్ అని చెబుదాం. లలితకీ అదేగా. అందరికీ అర్థమవుతుంది,” అన్నాడు.

సరే అన్నాను. ఏడుస్తూ కూడా కాదు. చాలా తేలిగ్గా అన్నాను.

ఏప్రిల్

ఆపరేషన్‌కి ముందు సర్జన్ మాతో గంటసేపు మాట్లాడింది. పొట్టిగా, తెల్లజుట్టుతో, గోళ్ళు పూర్తిగా కత్తిరించుకున్న మనిషి. కాగితం మీద బొమ్మ గీసి గర్భసంచి, అండాశయాలు, నాళాలు తీసేస్తానని, పక్కనున్న లింఫ్ గ్రంథులు కొన్ని తీసి పాకిందేమో చూస్తానని చెప్పింది. తీసిన దాంట్లో పరీక్షలకి పోను మిగిలింది పరిశోధనకి ఇస్తారా అని అడిగింది. ఏం పరిశోధన, ఎవరికి ఉపయోగం అని ఎవరైనా అడుగుతారు. సుధాకర్ అడిగింది ఒక్కటే, “మా పేరు బయటికి వస్తుందా?” రాదంది. అప్పుడు నన్ను సంతకం పెట్టనిచ్చాడు.

ఆపరేషన్ రోజు పొద్దున వెయిటింగ్ రూమ్‌లో నా పక్కన ఒక మెక్సికన్ ఆవిడ కూర్చుంది. తలకి ఎర్ర గుడ్డ, ఒళ్ళో ఊలు, సూదులు. నా వైపు తిరిగి, తనకి అండాశయమనీ, ఇది రెండో ఆపరేషన్ అనీ చెప్పి, నీకెక్కడ అని అడిగింది. ఆ అంతస్తంతా క్యాన్సర్ వాళ్ళకే. గోడ మీద అంతంత అక్షరాలతో రాసి ఉంది. ఆవిడని నేను మళ్ళీ జన్మలో చూడను. అయినా “ఫైబ్రాయిడ్స్” అన్నాను.

ఆవిడ గోడ మీది అక్షరాలు చూసింది, నన్ను చూసింది. సంచిలోంచి అల్లం బిళ్ళలు తీసి గుప్పెడు నా చేతిలో పెట్టి, తర్వాత వికారానికి పనికొస్తాయంది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ బిళ్ళలు మాత్రం నిజంగానే పనికొచ్చాయి.

ఇంటికి వచ్చాక పరామర్శలు మొదలయ్యాయి. “దానిదేముందండీ! మా వదిన తీయించుకుని పదో రోజున పెళ్ళికెళ్ళి వంటలు చేయించింది” అని ఒకావిడ. “పిల్లలు పుట్టేశాక ఆ సంచి ఉంటే ఎంత, లేకపోతే ఎంత” అని ఇంకొకావిడ, మా వంటింట్లో కాఫీ కలుపుకుంటూ. మనవాళ్ళు గర్భసంచి గురించి మాట్లాడే తీరు చూస్తే పాత సోఫా పారేసినట్టు ఉంటుంది. నేను నవ్వుతూ తలాడించాను. వాళ్ళకి తెలియదు పాపం. నాకు తెలుసు కదా, నేనెందుకు నవ్వాను?

రెండు వారాలకి రిపోర్ట్ వచ్చింది. ఒక గ్రంథిలోకి పాకింది. మూడో దశ. కీమో తప్పదన్నారు. సర్జన్ ఇంకొకటి చెప్పింది. గడ్డని పరీక్ష చేస్తే ఇది వంశంలో వచ్చేదేమోనని అనుమానంగా ఉందట, జెనెటిక్ కౌన్సెలర్‌ని కలవమంది. రక్తపరీక్షకి శాంపిల్ కూడా ఆరోజే తీసుకున్నారు.

మే

మొదటి కీమో అయిన మూడో వారంలో జుట్టు దిండు మీదికి వచ్చేసింది. సుధాకర్‌కి కొత్త చిక్కు వచ్చిపడింది. ఫైబ్రాయిడ్స్‌కి జుట్టు ఊడదు కదా! ఆలోచించి థైరాయిడ్ అన్నాడు. వీధి చివర ఉండే పద్మగారు అది నమ్మి, మందారాకు వేసి కాచిన కొబ్బరినూనె పెద్ద సీసాతో తెచ్చింది. “వారానికి మూడుసార్లు పట్టించండి, మా అమ్మాయికి ఇంత జుట్టొచ్చింది” అని చెయ్యి నడుం దాకా చూపించింది. నున్నటి గుండు మీద టోపీ పెట్టుకుని ఆ సీసా అందుకున్నాను. ఆవిడ మంచితనం మీద కూడా అబద్ధం ఒలకబోశాం.

నిత్య వీడియో కాల్ చేస్తే కెమెరా ఆపేసేదాన్ని, వైఫై బాగాలేదని చెప్పేదాన్ని. ఇద్దరు ఇంజనీర్లున్న ఇంట్లో మూడు నెలలు వైఫై బాగాలేదు.

కీమో గదిలో ఒక ఫిలిపినో నర్సు ఉండేవాడు. సూది పెట్టే ముందు వేడి దుప్పటి తెచ్చి కాళ్ళకి చుట్టేవాడు. పేరుతో పిలిచేవాడు, పేరు సరిగ్గా పలకడం రెండోసారికే నేర్చుకున్నాడు. ఆ ఆరు కీమోల్లో నేను ఒక్క అబద్ధం కూడా చెప్పనిది అతనికే. అతని చేతిలో నా కాగితాలున్నాయి, చెప్పినా చెల్లదు.

జూన్

జెనెటిక్ కౌన్సెలర్ చిన్నపిల్ల, నిత్య కంటే అయిదారేళ్ళు పెద్దదేమో. నా రక్తపరీక్షలో వంశపారంపర్యంగా వచ్చే ఒక జన్యువు మార్పు బయటపడిందని చెప్పింది. ఈ జన్యువు ఉన్న ఇళ్ళల్లో గర్భాశయం, పేగుల క్యాన్సర్లు తరచుగా వస్తాయట, ముందే తెలిస్తే ఏటా పరీక్షలు చేసి మొదట్లోనే పట్టుకోవచ్చట. తెల్లకాగితం మీద ఆడవాళ్ళకి సున్నాలు, మగవాళ్ళకి చదరాలు గీస్తూ మా వంశవృక్షం అడిగింది. అమ్మ ఎలా పోయారు? అల్సర్. ఎన్నేళ్ళకి? యాభై ఒకటి. అమ్మమ్మ? కడుపునొప్పి. చెల్లి? ఫైబ్రాయిడ్స్‌కి ఆపరేషన్, రెండేళ్ళయింది. ఎన్నేళ్ళకి? నలభై రెండు.

ఆ పిల్ల పెన్ను ఆపి, ఇంట్లో పెద్దవాళ్ళెవరినైనా ఒకసారి అడుగుతారా అంది. ఆపరేషన్‌కి ముందు మీరు సంతకం పెట్టిన పరిశోధనలో మీ దేశపు కుటుంబాలు చాలా తక్కువనీ, ఎందుకో తమకి అర్థం కావడం లేదనీ చెప్పింది. నాకు అర్థమైంది.

ఇంటికొచ్చి గుంటూరులో మామయ్యకి ఫోన్ చేశాను. అమ్మకి తమ్ముడు, ఆస్పత్రికి తిప్పింది ఆయనే. సుధాకర్ పక్కనే ఉన్నాడు, స్పీకర్‌లో పెట్టాను.

“మామయ్యా, అమ్మది అల్సరేనా?”

“ఇప్పుడెందుకమ్మా అవన్నీ,” అన్నాడు.

“నాకొచ్చింది మామయ్యా. క్యాన్సర్. చెప్పు.”

“అయ్యో తల్లీ. అల్సర్ కాదమ్మా. పేగులో గడ్డ. అంతకుముందే గర్భసంచిలోనూ వచ్చింది, తీసేశారు. మీ అమ్మే చెప్పొద్దంది. నీకప్పుడే సంబంధం కుదిరింది. మగపెళ్ళివారికి తెలిస్తే వెనక్కిపోతారని...”

ఆ మగపెళ్ళివారి అబ్బాయి నా పక్కనే కూర్చుని వింటున్నాడు. మొహం కందగడ్డలా చేసుకుని, “అంటే మాకు చెప్పకుండా దాచారా?” అన్నాడు. దాచారట! మూడు నెలల క్రితం ఇదే సోఫాలో కూర్చుని ఇదే పని చేసినవాడికి పౌరుషం పొడుచుకొచ్చింది. నాకు నవ్వు ఆగలేదు. పొట్టమీద కుట్లు లాగేదాకా నవ్వాను, తర్వాత అమ్మ గుర్తొచ్చి ఏడ్చాను. మజ్జిగన్నం కూడా అరగక కూర్చునేది. అల్సర్ కదా, కారం తగ్గించమని నేనే కేకలేసేదాన్ని.

మర్నాడు లలితకి చేశాను. అది న్యూజెర్సీలో ఉంటుంది. దాని ఆపరేషన్‌కి నేను వస్తానంటే, చిన్నదానికి ఎందుకక్కా అని వద్దంది. నేను వాళ్ళ దగ్గరే ఐసెలిన్‌లో ఉన్న ఒక స్వీట్ షాపుకి ఫోన్ చేసి పూతరేకులు పంపించాను.

“లలితా, నీది నిజంగా ఫైబ్రాయిడ్సేనా?”

“అదేంటక్కా, ఇప్పుడడుగుతున్నావు?”

“నాది కాదు. అందుకు అడుగుతున్నా.”

అవతల కుర్చీ లాక్కున్న చప్పుడు. “నాదీ కాదక్కా,” అంది. “మొదట్లోనే పట్టుకున్నారు. కీమో కూడా అక్కర్లేదన్నారు. నీకు చెప్తే టెన్షన్ పడతావని. మావారు కూడా ఎవరికీ వద్దన్నారు.”

“జీన్ టెస్ట్ చేశారా?”

“చేశారు.”

“ఏమన్నారు?”

“ఉందన్నారు. ఒక లెటర్ ఇచ్చారు. సిస్టర్స్‌కి, కజిన్స్‌కి పంపమని.”

“ఏదీ ఆ లెటర్?”

“క్లోజెట్‌లో ఉందక్కా. పట్టుచీరల మధ్య. పారేయలేదు, జాగ్రత్తగానే పెట్టాను.”

జాగ్రత్తగా పెట్టిందట! తిట్టాను. ఎప్పుడో మర్చిపోయిన తిట్లన్నీ గుర్తొచ్చాయి. “ఆ కాగితం నాకు పంపి ఉంటే రెండేళ్ళ క్రితమే నన్ను చూసేవాళ్ళే. గ్రంథిలోకి పాకేది కాదు. నా ఒంట్లో విషం ఎక్కేది కాదు. నువ్వు చీరల్లో పెట్టి మడతపెట్టింది నన్నే. జన్మలో నీ మొహం చూపించకు” అన్నాను. అది ఏడుస్తూనే ఉంది. ఫోన్ పెట్టేశాను. పది నిమిషాలకి వాట్సాప్‌లో ఆ ఉత్తరం ఫొటో పంపింది. పైన రెండేళ్ళ కిందటి తేదీ. ‘ప్రియమైన కుటుంబసభ్యులకు’ అని మొదలైంది. అంత మర్యాదగా మాకెవరూ ఎప్పుడూ నిజం చెప్పలేదు.

జూలై

నాకూ అలాంటి ఉత్తరమే ఇచ్చారు. కౌన్సెలర్ నా చేతికిస్తూ, మీ అమ్మాయికి వీలైనంత త్వరగా ఇవ్వండి అంది. మడిచి హ్యాండ్‌బ్యాగ్ జిప్ అరలో పెట్టాను.

మొదటి వారం నిత్యకి ఇంటర్న్‌షిప్‌లో ప్రెజెంటేషన్ ఉంది. రెండో వారం నాకు కీమో. మూడో వారం దాని పుట్టినరోజు, పుట్టినరోజున ఎవరైనా చెబుతారా? నాలుగో వారం ఫోన్‌లో చెప్పే విషయం కాదులే, ఇంటికి రానీ అనుకున్నాను. అయిదో వారం అది వచ్చేస్తుంది కదా, ఎలాగూ చూస్తుంది. ఈ అయిదు వారాల్లో లలిత ఎనిమిదిసార్లు ఫోన్ చేసింది. ఒక్కసారీ ఎత్తలేదు. దాని పిరికితనం తలుచుకుంటేనే అసహ్యంగా ఉండేది.

ఆగస్టు

నిత్య చెప్పిన రోజు కంటే ఒకరోజు ముందే వచ్చేసింది. సర్‌ప్రైజ్ అట. తలుపు తీసింది నేనే, తలకి ఏమీ లేకుండా.

సూట్‌కేస్ వదిలేసింది. “అమ్మా... నీ హెయిర్ ఏది?”

వెనక నుంచి సుధాకర్, “థైరాయిడ్ నాన్నా, కొంచెం ఎక్కువైంది, అంతే,” అన్నాడు.

“డాడ్, స్టాప్,” అంది అది. ఆయన వైపు తిరగను కూడా తిరగలేదు.

చెప్పాను. గుమ్మంలోనే, నిలబడే, మొత్తం చెప్పాను. అమ్మమ్మది చెప్పాను. పిన్ని సంగతి చెప్పేటప్పుడు నా గొంతు పెరిగింది, రెండేళ్ళు చీరల్లో పెట్టిందే, ఎంత దుర్మార్గం చూడు అన్నాను. తర్వాత జిప్ తీసి ఉత్తరం ఇచ్చాను. అది పై నుంచి కింది దాకా చదివింది. మళ్ళీ పైకి వెళ్ళి తేదీ దగ్గర ఆగింది.

“ఇది జూలై ఫస్ట్ వీక్.”

“అవును.”

“పిన్ని టూ ఇయర్స్ దాచింది. నువ్వు ఫైవ్ వీక్స్ దాచావ్. సో, నువ్వు బెటరా?”

నీకు ప్రెజెంటేషన్ ఉందని అన్నాను. నా మాట నాకే వినిపించింది, అచ్చం లలిత గొంతులా ఉంది. నిత్య నన్ను గట్టిగా పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. క్షమించిందని అనుకున్నాను. కళ్ళు తుడుచుకుని, “ఐయామ్ స్టిల్ మ్యాడ్ ఎట్ యూ,” అంది.

ఆ సాయంత్రం లలితకి ఫోన్ చేశాను. ఇద్దరం ముక్కులు చీదుకుంటూ కూర్చున్నాం.

సెప్టెంబర్

నిత్య రక్తం ఇచ్చింది. మూడు వారాలకి ఫలితం వచ్చింది. ఉంది. నా దగ్గర్నుంచే వెళ్ళింది, మా అమ్మ దగ్గర్నుంచి నాకు వచ్చినట్టే. నేను బాత్రూమ్‌లోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను. అది మాత్రం కౌన్సెలర్ చెప్పినవి ఫోన్‌లో రాసుకుంది, ఏ వయసు నుంచి ఏ పరీక్ష, పిల్లల్ని ఎప్పుడు కనాలి, ఏది ఎప్పుడు తీయించుకోవాలి. దానికిప్పుడు ఏమీ లేదు. వచ్చే లోపలే కాపు కాస్తారు. మా అమ్మకి ఈ అవకాశం లేకపోయింది. నాకు ఉండి కూడా చేజారింది. దీనికి దక్కింది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నా పక్కన కూర్చుని ఫోన్‌లో ఏదో టైప్ చేస్తోంది. మా వైపు పిల్లలందరికీ ఒక వాట్సాప్ గ్రూప్ ఉంది. గుంటూరు, హైదరాబాద్, డాలస్, న్యూజెర్సీ, మామయ్య మనవలూ, లలిత పిల్లలూ, నిత్యా అందులో ఉన్నారు. పంపే ముందు నాకు చదివి వినిపించింది.

“అమ్మమ్మకి క్యాన్సర్ వచ్చింది. పిన్నికి క్యాన్సర్ వచ్చింది. మా అమ్మకి క్యాన్సర్ వచ్చింది. నాకు ఆ జీన్ ఉంది. మీ అందరికీ ఉండొచ్చు, బాయ్స్‌కి కూడా. లెటర్ అటాచ్ చేశాను. ప్లీజ్ టెస్ట్ చేయించుకోండి. – నిత్య.”

ఒక్క మాట కూడా తప్పు లేదు. మూడో దశ దాకా పోయి, గుండు చేయించుకున్నట్టయి, చెల్లెల్ని నానామాటలూ అని, ఇన్ని చూశాక నాకెంత బుద్ధి రావాలి! నా చెయ్యి మాత్రం దాని ఫోన్ మీదికి వెళ్ళిపోయింది.

“అంతా బాగుంది తల్లీ. నీకుందన్న ఒక్క లైను తీసెయ్యి. రేపు నీ పెళ్ళి...”

నిత్య నా వంక చూసింది. ఆ రోజు ఫోన్‌లో లలితని తిట్టేటప్పుడు నా మొహం ఎలా ఉండి ఉంటుందో అప్పుడు చూశాను. నా చెయ్యి తీసి నా ఒళ్ళో పెట్టి, ఆ లైను అలాగే ఉంచి పంపేసింది.